కలరా ఉండల వాసన

మా ఇంటి నుంచి,
వానలు పట్టుకున్నాక

కోడలా,

క్షేమం అని మొదలుపెడదామనుకున్నాను, చెయ్యి రానివ్వలేదు. నా కూతురు, మీ వదిన, పోయిన ఇంట్లో కూర్చుని ఆ మాట ఎలా రాయను. నువ్వూ మీ నాన్నా బాగుంటే అదే చాలు. నా తమ్ముడి మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది?

ఫోను చేయొచ్చుగా అంటావు. ఫోనులో నీ గొంతు వినగానే మాటకంటే ముందు ఏడుపొచ్చేస్తుంది నాకు. నువ్వు “అత్తా, అత్తా” అంటావు, నేను ముక్కు చీదుతాను, అంతటితో సరి. కాగితానికైతే ఓపికుంటుంది. నా అక్షరాలు చొక్కాకి కుట్టే కాజాల్లా ఒక్కోటీ విడివిడిగా ఉంటాయని ఎగతాళి చేస్తావుగా, చేసుకో.

నీతో పనిపడింది. పెద్దాసుపత్రి ల్యాబులో రక్తం చూసి రోగం చెప్పేదానివి నువ్వు. నాకో కాగితం రాసివ్వాలి.

అల్లుడు పిల్లని, గుండీని, ఇచ్చేయమంటున్నాడు. తల్లి పోయిన దగ్గర్నుంచి అది నా దగ్గరే ఉంది. నా పక్కలోనే పడుకుంటుంది, నా గుండీల డబ్బాతోనే ఆడుకుంటుంది. ఆ డబ్బా వదలదనే కదా మీ వదిన దానికి ఆ పేరు పెట్టింది. అలాంటి పిల్లని అతని చేతికి ఎలా ఇవ్వను? నా కూతుర్ని మింగింది అతని రోగమే.

ఊరికే అనడం లేదు. మీ వదినని ఆసుపత్రిలో చేర్చినప్పుడు ఇంట్లో వాళ్ళందర్నీ పరీక్షకి రక్తం ఇమ్మన్నారు. నాకు ఒంట్లో ఉన్నదే తక్కువ, ఇవ్వనన్నాను. అతను ఇచ్చాడు. ఇద్దరి రిపోర్టులూ ఇప్పుడు నా దగ్గరున్నాయి. పక్కపక్కన పెట్టి చూశాను. నాకు ఇంగ్లీషు రాకపోయినా అంకెలొచ్చు, మెడలో టేపు వేసుకుని బతికినదాన్ని. రెండింటి మీదా ఒకటే పేరు, మీ వదిన కాలేయాన్ని తినేసిందని ఆసుపత్రివాళ్ళు చెప్పిన హెపటైటిస్ బి. మీ వదిన కాగితంలో నలభై ఎనిమిది. అతని కాగితంలో ఏడు వందల నలభై రెండు, నల్లగా దిట్టంగా కొట్టి ఉంది. అంత ఉన్నవాడి దగ్గర్నుంచి ఇంత ఉన్నదానికి వచ్చింది. ఇంకేం కావాలి?

మరో సంగతి. గుండీ పుట్టినప్పుడు నా చేతిలో పెట్టకముందే నర్సు తీసుకెళ్ళి రెండు తొడలకీ రెండు సూదులు పొడిచింది. పక్క మంచం పిల్లకి ఒకటే వేశారు. మన పిల్లకి రెండెందుకని అల్లుణ్ణి అడిగాను. గోడవైపు చూసి, “డాక్టరు వేయమన్నారు అత్తయ్యా” అన్నాడు. తన రోగం సంగతి అతనికి అప్పటికే తెలుసు. తెలిసీ దాచాడు.

మా వీధి చివర లాయరమ్మ ఉంది, ఆవిడ నల్లకోటుకి కాజాలు కుట్టింది నేనే. ల్యాబు వాళ్ళెవరైనా రెండు రిపోర్టులూ పోల్చి చూసి, తండ్రి రక్తంలో రోగం ఎక్కువుందని రాసిస్తే పిల్ల నా దగ్గరే ఉంటుందని చెప్పింది. నువ్వు రాయి. మీ వదిన కోసం రాయి.

మీ అత్త

*

ల్యాబు వెనకగది నుంచి,
టీ చల్లారిపోతుండగా

అత్తా,

నీ కవరు చూసి మా ఇన్‌ఛార్జి మేడం “ఈ కాలంలో ఉత్తరమేంటే, ప్రేమలేఖా?” అంది. “అవును మేడం, మా మేనత్త రాసింది” అన్నాను. నాన్న మోకాళ్ళు అలాగే ఉన్నాయి. మెట్లెక్కేటప్పుడు మాత్రం నొప్పి, పేకాటకి కూర్చుంటే ఏమీ లేదు.

నువ్వు అడిగిన కాగితం గురించి. చూడకుండా సంతకం పెడితే నా ఉద్యోగం ఊడుతుంది, ఆ తర్వాత నువ్వు నన్ను కూడా కూర్చోబెట్టి కాజాలు నేర్పాల్సి వస్తుంది. నా చేతికి సూది ఇస్తే ఏమవుతుందో నీకు తెలుసు. కాబట్టి ఒక పని చెయ్యి. రెండు రిపోర్టుల్లోనూ అంకెకి ఎడమవైపు ఏముందో అది కూడా ఉన్నదున్నట్టు దించి పంపు. ఒక్క గీత కూడా వదలకు. ఇంగ్లీషు అక్షరాలైతే ముగ్గు చూసి వేసినట్టు వెయ్యి, నేను చదువుకుంటాను.

అంకె పెద్దదా చిన్నదా అని చూసేముందు ఆ రెండూ ఒకే టెస్టువా అని చూడాలి అత్తా. గుడ్డని గజాల్లో కొలిచి, దూదిని తూకం వేసి, ఏది ఎక్కువో చెప్పమంటే నువ్వు ఊరుకుంటావా?

రెండో పని. మీ దగ్గరి ఆరోగ్య కేంద్రంలో గుండీ రక్తం, నీ రక్తం ఇప్పించు. పిల్లని ఎవరు చూసుకుంటుంటే వాళ్ళది కూడా చూడటం మా దగ్గర మామూలే. పోయినేడు షుగర్ టెస్టని నిన్ను ల్యాబు గుమ్మం దాకా తీసుకొస్తే బస్సు తప్పిపోతుందని పారిపోయావు. ఈసారి అలా చేయకు.

ఇంకొకటి అడుగుతాను. ఈ ఏడు వందల నలభై రెండు సంగతి లాయరమ్మకి కాక ఇంకెవరికైనా చెప్పావా? చెప్పకపోతే నేను రాసేదాకా ఆగు.

నీ కోడలు

*

మా ఇంటి నుంచి,
కరెంటు లేక మిషను ఆగిన రోజు

కోడలా,

నువ్వు చెప్పినట్టే దించాను. వెనక కాగితం చూడు. టెస్టుకో గీత చొప్పున మీ వదినవి నాలుగు గీతలు, అతనివి మూడు. కళ్ళు లాగేశాయి. అతని కాగితంలో పై రెండు గీతల్లో ఏమీ లేదు, మూడోదాంట్లోనే ఉంది ఆ అంకె. ఉన్నదే చూడాలి గాని లేనిది చూసి ఏం చేస్తాం?

నీ ఉత్తరం నాకు నచ్చలేదు. లాయరులా ప్రశ్నలు వేశావు. నా రక్తం ఎందుకు? నేనేమన్నా అతని పక్కన పడుకున్నానా, అతని కంచంలో తిన్నానా? గుండీకి చేయిస్తాను, నాకక్కర్లేదు.

పోయిన ఆదివారం వచ్చాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు, నేనూ రమ్మనలేదు. చేతిలో పిల్ల చెప్పులు, ఎరుపురంగువి. అది పరిగెత్తుకెళ్ళి కాళ్ళకి చుట్టుకుంది. నేను రెక్క పట్టుకుని ఇవతలికి లాగాను.

“అత్తయ్యా, వారానికోసారైనా పంపండి” అన్నాడు.

నేను కాగితం తీసి చూపించాను. “ఇదేంటి? ఏడు వందల నలభై రెండు. ఇది ఒంట్లో పెట్టుకుని పిల్లనెత్తుకుంటావా?”

“అది ఇంజక్షన్ల నంబరు అత్తయ్యా. అంబులెన్సు నడిపినప్పుడు అందరికీ వేశారు.”

“రోగం తగ్గడానికి ఇంజక్షన్ వేస్తారు గాని, అంకె పెరగడానికి వేస్తారా? నాకు చదువు లేదని ఏది చెప్పినా నమ్ముతాననుకున్నావా? నీ దగ్గర్నుంచి రాకపోతే నా కూతురికి ఎక్కణ్ణుంచి వచ్చింది? చెప్పు.”

నోరు తెరిచాడు. నా మొహం చూశాడు, పిల్ల మొహం చూశాడు. మళ్ళీ మూసేశాడు. చెప్పులు గడప పక్కన పెట్టి వెళ్ళిపోయాడు. తప్పు చేసినవాడికి జవాబేముంటుంది? అప్పటి నుంచి పిల్ల ఆ చెప్పులు పక్కలో పెట్టుకుని పడుకుంటోంది.

స్కూలు వ్యాను ఇప్పుడతను నడపడం లేదులే. మేస్త్రీ దగ్గర ఇసుక మోస్తున్నాడని విన్నాను. అది నీకెందుకు చెప్తున్నానంటే, పిల్లని పోషించే స్తోమత కూడా లేదని కాగితంలో రాయొచ్చేమోనని.

మీ అత్త

*

ల్యాబు వెనకగది నుంచి,
డ్యూటీ దిగాక

అత్తా,

ఈసారి నా ఉత్తరంలో హాస్యం ఉండదు. కూర్చుని నెమ్మదిగా చదువు.

నీ ట్రంకు పెట్టెలో ఊలు శాలువా ఉందనుకో. దానికి పురుగు పట్టిందో లేదో తెలుసుకోవాలి. ఎలా చూస్తావు? ముందు పురుగు కనిపిస్తుందేమోనని దులుపుతావు. తర్వాత శాలువాని వెలుతురుకి పట్టి చిల్లులున్నాయేమో చూస్తావు, ఎందుకంటే పురుగు తిని వెళ్ళిపోయి ఉండొచ్చు. ఆ తర్వాత పెట్టెలో కలరా ఉండల వాసన ఉందా లేదా చూస్తావు. మేం చేసే టెస్టులూ అవే. ఒకటి పురుగుని వెతుకుతుంది. ఒకటి చిల్లుల్ని వెతుకుతుంది, అంటే ఆ పురుగు ఎప్పుడైనా ఒంట్లోకి వచ్చిందా అని. ఒకటి వాసన ఎంత ఘాటుగా ఉందో కొలుస్తుంది. మూడింటి మీదా హెపటైటిస్ బి అనే పేరుంటుంది. మూడూ మూడు సంగతులు చెప్తాయి.

అన్నయ్య, అదే నీ అల్లుడి కాగితం పై గీతలో ఏమీ లేదన్నావు. అది పురుగుని వెతికే టెస్టు. పురుగు లేదు. రెండో గీత చిల్లుల టెస్టు. అవీ లేవు. అంటే ఆ రోగం ఆయన ఒంట్లోకి ఎప్పుడూ రాలేదు. ఏడు వందల నలభై రెండు మూడో గీతలోది. అది కలరా ఉండల వాసన అత్తా. మనిషిని కాపాడ్డానికి పది చాలు, ఆయనకి దండిగా ఉంది. పురుగూ చిల్లూ లేకుండా వాసన ఒక్కటే ఉంటే అది టీకా వల్ల వచ్చిందే. ఆ అంకె ఎంత పెద్దదైతే అంత మంచిది. గుమ్మంలో నిలబడి ఆయన నీకు చెప్పింది అక్షరాలా నిజం.

వదిన నలభై ఎనిమిది పురుగు టెస్టులోది. చిల్లులూ ఉన్నాయి. నువ్వు దించిన నాలుగో గీత, ఆ చిల్లులు కొత్తవా అని చూసే టెస్టు. కొత్తవి కావు. స్కానులో కాలేయం ముడుచుకుపోయిందన్నారని అప్పట్లో నువ్వే చెప్పావు. పెళ్ళయిన ఈ కొద్దికాలంలో అంతలా అవదు. వదినకి ఆ రోగం పెళ్ళికి చాలా ముందు నుంచీ ఉంది.

ఎంత ముందు అని ఇప్పుడు నన్నడగకు. ముందు నీ రక్తం ఇవ్వు. కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాననుకో.

వ్యాను ఎందుకు పోయిందత్తా? నువ్వు ఆ సంగతి రాసిన తీరు నాకు బాగా అనిపించలేదు. ఉన్నది చెప్పు.

నీ కోడలు

*

కొట్టు అరుగు మీద నుంచి,
ఇంట్లో కూర్చోలేక

కోడలా,

నీ ఉత్తరం చదివి పెట్టె తెరిచాను. ఏం చూద్దామని తెరిచానో తెలియదు. మీ వదిన శాలువా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. కలరా ఉండల వాసనే వచ్చింది. నాకు ముప్పయ్యేళ్ళ నుంచీ తెలిసిన వాసన. దాన్నే నేను విషం అన్నాను.

వ్యాను సంగతి. చెప్తాను. నువ్వు నా తమ్ముడి కూతురివి, నీకు చెప్పుకోవడానికే తల ఎత్తలేకపోతున్నాను.

స్కూలు గేటు దగ్గర తల్లులంతా పిల్లల కోసం నిలబడే వేళ చూసి వెళ్ళాను. ఆ కాగితం పైకెత్తి, “ఈ మనిషి రక్తం ఇది, నా కూతురు దీంతోనే పోయింది, మీ పిల్లల్ని వ్యానెక్కించేముందు చూసుకోండి” అన్నాను. ఎవరూ చదవలేదు. నల్లగా ఉన్న అంకె చూశారు, నా ఏడుపు చూశారు, నమ్మేశారు. ఒకావిడ తన పిల్లాణ్ణి అతని చేతిలోంచి లాక్కుంది. ఆ పిల్లాడి సంచి అతని చేతిలోనే ఉండిపోయింది. తీసుకోండమ్మా అని చాపి నిలబడ్డాడు. తీసుకునేవాళ్ళు లేరు. చివరికి దాన్ని గోడకి ఆనించి పెట్టాడు, లోపలి టిఫిను డబ్బా ఒలికిపోకుండా నిటారుగా. నావైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేను గెలిచాననుకుంటూ ఇంటికొచ్చాను. దారిలో పిల్లకి బిస్కట్లు కూడా కొన్నాను.

మరి నా కూతురికి ఎక్కణ్ణుంచి వచ్చింది? నీ కాగితం కింద పెట్టిన దగ్గర్నుంచి ఇదే ఆలోచన. చిన్నప్పుడు పన్ను పీకించాం, అక్కడా? మోకాలు చీరుకుపోయి కుట్లు వేయించాం, అక్కడా? దాని ఒంటి మీద పడిన ప్రతి సూదినీ తలుచుకున్నాను.

నిన్న గుండీని తీసుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాను. అక్కడి కళ్ళజోడాయన పిల్ల రక్తం, నా రక్తం సీసాల్లో తీశాడు. నాది ఒక చుక్క కార్డు మీద కూడా వేశాడు. గుండీ నా ఒళ్ళో కూర్చుని, “అమ్మమ్మా, గీత వస్తోంది” అంది. పై గీత వెంటనే వచ్చింది. “అది అందరికీ వస్తుందమ్మా, కార్డు బాగానే ఉందని చెప్పే గీత” అన్నాడాయన. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు దాని కింద ఇంకోటి తేలడం మొదలుపెట్టింది. లోపలి వైపు వేసిన కుట్టు గుడ్డ మీదికి మసగ్గా కనిపిస్తుంది చూడు, అలా వచ్చింది. నా కళ్ళ మసకేమోననుకున్నాను. గుండీ చప్పట్లు కొట్టింది, “రెండు గీతలు, అమ్మమ్మకి రెండు” అని.

కళ్ళజోడాయన కార్డు తీసి పక్కన పెట్టేశాడు. “ఇది కార్డే అమ్మా, పెద్ద ల్యాబుకి పంపుతాం, అక్కడ ఖాయం చేస్తారు” అన్నాడు. ఆ పెద్ద ల్యాబు నీదేనట.

కార్డులు తప్పు చూపిస్తాయి కదా కోడలా? అరగంటలో వచ్చేసే టెస్టుకి విలువేముంటుంది? నువ్వు చేసేది ఎలీజానో ఏదో, అది మంచిదంటారు. దాంట్లో లేదని వస్తుంది కదూ?

రాత్రి నుంచి పిల్లకి వేరే చాప వేశాను. వేరే గ్లాసు పెట్టాను. నా చేత్తో అన్నం కలిపి పెట్టడానికి భయంగా ఉంది. అది ఏడుస్తోంది.

మీ అత్త

*

ఇంటి నుంచి, ల్యాబు నుంచి కాదు

అత్తా,

ముందు పిల్లని నీ పక్కలోకి తెచ్చుకో. పక్కన పడుకుంటే, కలిసి తింటే, ముద్దు పెట్టుకుంటే ఈ రోగం రాదు. పైగా గుండీకి పురుగూ లేదు, చిల్లూ లేదు, కలరా ఉండల వాసన మాత్రం గట్టిగా ఉంది. దానికేం కాదు.

నీ శాంపిల్ నేనే చేశాను. వేరేవాళ్ళ చేతికి ఇవ్వబుద్ధి కాలేదు. కార్డు టెస్టు అంటే గుమ్మంలో నిలబడి లోపలికి తొంగి చూడటం లాంటిది. చీకట్లో మూలన ఉన్నది దానికి ఒక్కోసారి కనిపించదు. ఎలీజా దీపం పట్టుకుని మూలమూలా వెతుకుతుంది. పీసీఆర్ అని ఇంకోటి ఉంది, అది ఎన్నున్నాయో లెక్కపెడుతుంది. మూడూ చేశాను. ఎలీజా రెండుసార్లు చేశాను, మొదటిసారి తప్పు చేశానేమోనన్న ఆశతో. కార్డు నీకు అబద్ధం చెప్పలేదత్తా.

పీసీఆర్‌లో లెక్క చాలా తక్కువుంది. నీ కాలేయం శుభ్రంగా ఉంది. ఆరు నెలలకోసారి చూపించుకుంటే సరిపోతుంది. అది నీ ఒంట్లో నిద్రపోతూ ఉంది, ఎప్పటి నుంచో.

ఇప్పుడు నువ్వడిగిన దానికి జవాబు. ఇది ఎక్కువగా కాన్పులో తల్లి నుంచి బిడ్డకి వస్తుంది. పన్ను కాదు, కుట్లు కాదు. నువ్వు వదినని కన్నప్పుడు నిన్నెవరూ టెస్టు చేయలేదు, పుట్టగానే బిడ్డకి సూది వేయాలని ఎవరూ చెప్పలేదు. నీకు తెలిసే దారే లేదు. ఇది నేరం కాదని వెయ్యిసార్లు రాయగలను, నువ్వు వినవని కూడా తెలుసు. వదిన అదే అంది.

అవును, వదినకి తెలుసు. కడుపుతో ఉన్నప్పుడు చేసిన టెస్టుల్లో బయటపడింది. అందుకే గుండీకి పుట్టగానే రెండు సూదులు వేశారు, ఒకటి టీకా, ఇంకొకటి టీకా పనిచేసేలోపు కాపాడేది. నీకు బలం బిళ్ళలని చెప్పి వెనక్కి తిరిగి వేసుకునేది చూడు, అవి దీనికే. అప్పటికే లోపల చాలా పాడైపోయింది. ఆ సంగతి తెలిసిన రోజు మా ఇంట్లో, నేనూ అన్నయ్యా ఉండగా ఒట్టు వేయించుకుంది. “అమ్మకి చెప్పొద్దు. నన్ను తనే చంపుకున్నాననుకుంటుంది. ఆ మాట మోస్తూ అమ్మ సూది పట్టుకోలేదు” అంది. మరి ఎక్కణ్ణుంచి వచ్చిందని అత్త అడిగితే ఏం చెప్తావన్నాను. అన్నయ్య భుజం మీద చరిచి, “ఈయన మీదకి తోసేస్తాను. మనిషికి వీపు వెడల్పు, మా అమ్మ తిట్లు ఎన్నయినా మోస్తాడు” అని నవ్వింది. అన్నయ్య కూడా నవ్వాడు.

నీకు షుగర్ టెస్టని అబద్ధం చెప్పి రక్తం తీద్దామనుకుంది నేనే. నువ్వు పారిపోయావు, నేను వదిలేశాను. ల్యాబులో పనిచేస్తూ కూడా సొంత మేనత్తని వదిలేశాను. ఒట్టు పేరు చెప్పుకుని ఊరుకున్నాను. ఆ సిగ్గు నాది. నువ్వు స్కూలు గేటు దాకా వెళ్తావని తెలిసుంటే అప్పుడే చెప్పేదాన్ని.

ఇప్పుడు వదినకి ఇచ్చిన మాట తప్పాను. ఏం చేయాలో నువ్వే తేల్చుకో. లాయరమ్మకి కావలసిన కాగితం మాత్రం రాయలేను.

నీ కోడలు

*

మీ అత్తయ్య దగ్గర్నుంచి

బాబూ,

నీకు ఇంతవరకు ఒక్క ఉత్తరం రాయలేదు. నా కూతురు బతికుండగా, “మీ ఆయనకి చెప్పు” అని దానితో చెప్పించేదాన్ని. ఇప్పుడు చెప్పిపెట్టే మనిషి లేదు.

అన్నీ తెలిశాయి. నా కోడలు చెప్పింది, దాన్నేమీ అనకు. నా పెట్టెలో ఇన్నేళ్ళున్నా నా గుడ్డని కొరకని పురుగు నా బిడ్డని తినేసింది. నేను నీ పెట్టె వెతికాను, పదిమందిని పిలిచి వెతికించాను. ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పు అని గుమ్మంలో నిన్ను నిలదీశాను. నీ దగ్గర జవాబుంది. నా మొహం చూసి మింగేశావు. ఆ జవాబు నేనే కదా.

నిన్న స్కూలు గేటుకి వెళ్ళాను. అదే వేళకి వెళ్ళాను, అప్పుడున్నవాళ్ళే ఉండాలని. ఆ రోజు ఎలా నిలబడ్డానో అలాగే నిలబడి, “నేను ఆ రోజు చూపించిన కాగితం తప్పు చదివాను. అతని రక్తం మంచిది. రోగం నాది, ఇదిగో నా కాగితం” అన్నాను. నా గొంతు ఆ రోజంత గట్టిగా రాలేదు. వెనకాలవాళ్ళు ఏంటమ్మా అని అడిగితే మళ్ళీ చెప్పాను. ఆ రోజు పిల్లాణ్ణి నీ చేతిలోంచి లాక్కున్నావిడ ముందే ఉంది. నా కాగితం చూసి, పిల్లాణ్ణి వెనక్కి లాక్కుని ఒక అడుగు దూరం జరిగింది. ఆవిడ తప్పేం లేదు, నేను నేర్పిన అడుగే అది. నీకు అది ఎలా తగిలిందో నాకప్పుడు తెలిసింది. నువ్వు సంచి పట్టుకుని ఎంతసేపు నిలబడ్డావో గుర్తు చేసుకున్నాను.

పెద్ద టీచరమ్మని కలిశాను. “వేరే డ్రైవర్ని పెట్టుకున్నామమ్మా, చూద్దాం” అంది. మళ్ళీ వెళ్తాను. చూద్దాం అన్నన్ని సార్లూ వెళ్తాను. లాయరమ్మకి వద్దని చెప్పేశాను. “తప్పుడు రిపోర్టా?” అని అడిగింది. రిపోర్టు ఒప్పే, తప్పు చదివింది నేనన్నాను.

నా కోడలు ఇది నేరం కాదంటుంది. బిడ్డకి ఇచ్చింది నేరం కాదేమో, ఆ లెక్క నాకూ నా కూతురికీ మధ్య ఉండనీ. నీకు చేసింది మాత్రం తెలియక చేసింది కాదు. నువ్వు చెప్తే వినలేదు. వినకూడదనే వినలేదు. నీ మీద కోపం ఉన్నంతసేపు అది పోయిందన్న సంగతి కాస్త తక్కువగా తెలిసేది. ఇలాంటి మాట నా కాగితం మీద నేనే రాస్తానని అనుకోలేదు.

గుండీ నీ పిల్ల. బట్టలు సర్దిపెట్టాను. నన్ను తెచ్చి దింపమన్నా సరే, గుమ్మం బయట నిలబడి అప్పగించి వస్తాను. ఎరుపు చెప్పులు మొన్న తొడిగి చూశాను, మడమ బయటికి వచ్చేసింది. నేను పట్టుకుని కూర్చున్నంతలో దాని పాదం పెరిగిపోయింది బాబూ. అవే వేసుకుంటానని మారాం చేస్తోంది.

నన్ను అత్తయ్యా అని పిలవకపోయినా ఏమనుకోను.

నీ పిల్లకి అమ్మమ్మ

*

పని చేసే చోటు నుంచి

అత్తయ్యగారికి,

ఉత్తరం అందింది. నాకు రాయడం రాదు, ఉన్నది రాస్తాను.

గేటు దగ్గర సంగతి మర్చిపోయానని రాస్తే అబద్ధమవుతుంది. మర్చిపోలేదు. ఇసుక తట్ట ఎత్తిన ప్రతిసారీ గుర్తొస్తుంది. అయినా ఆ రోజు మీరు అరుస్తుంటే నాకొక్కటే భయం, ఎవరైనా ఆ కాగితం సరిగ్గా చదివి మీకు నిజం చెప్పేస్తారేమోనని. అందుకే మీవైపు చూడలేదు. మీ అమ్మాయి నన్ను అడిగింది ఆ ఒక్కటే, మీకు తెలియనివ్వొద్దని. నా వల్ల కాలేదు. మీకు తెలిసిపోయింది. ఆమెకి నేను మొహం చూపించలేను.

ఆదివారం వస్తాను. పెద్ద సైజు చెప్పులు తెస్తాను, రంగు మాత్రం ఎరుపే. మీరు బయట నిలబడి అప్పగించనక్కర్లేదు. గుండీకి మీ కథ వినకపోతే నిద్ర రాదని నాకు తెలుసు, ఆ ఏర్పాటు ఏదో కూర్చుని మాట్లాడుకుందాం.

మర్నాడు ఆసుపత్రికి వెళ్దాం, మీ రిపోర్టు చేతిలో పెట్టుకుని తయారుగా ఉండండి. ఆరు నెలలకోసారి చూపించుకోవాలని ఆమె బిళ్ళల చీటీ మీద కూడా ఉండేది. తీసుకెళ్ళేవాణ్ణి నేనే. ఆ ఆసుపత్రి దారి నాకు తెలుసు.

మీ అల్లుడు